రాజా దీనదయాళుని ఛాయాచిత్రకళ: దాని పరిణామమును, దానిని చదువు పద్ధతియును

శ్రీకాకుళ విజయనగర మండలములలోని పాత లోగిళ్లలో, చావడి గోడలమీద, పూర్వుల ఛాయాచిత్రములు తఱచుగా కానవచ్చును. తలపాగాయు నిడుపాటి అంగీయు ధరించిన యజమానుడు కుర్చీలో కూర్చుండియుండును. చేత కఱ్ఱ యుండును. వెనుక తెరమీద వ్రాసిన స్తంభములో, పూలతోటయో కనబడును. ఇల్లు చూడవచ్చినవారు "ఈయన యెవరు?" అని యడుగుదురు. ఇంటివారు పేరు చెప్పుదురు. మఱి రెండు తరములు గడచిన పిదప ఆ పేరు చెప్పువారును ఉండరు. కాని "ఈ చిత్రమును తీసినవాడెవడు? ఏ సంవత్సరమున తీసెను? ఎవరి కోరికమీద తీసెను?" అని యడుగువారు మొదటినుండియు అరుదు. చిత్రమనగా ఉన్నదానిని ఉన్నట్లు చూపు అద్దమనియు, అద్దమునకు కర్త యుండడనియు మనము తలంతుము. ఈ తలంపు సరికాదని నిరూపించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

శిలాశాసనములను చదువునపుడు మనమిట్లు చేయము. శ్రీముఖలింగమునందును శ్రీకూర్మమునందును గల శాసనములను చేపట్టినపుడు శకవర్షమెయ్యది, ఏలిక యెవడు, దాత యెవడు, అఖండదీపమునకై యిచ్చినదేమి, వ్రాసినవాడెవడు అని ఒక్కొక్క అంశమును వేఱుచేసి పరిశీలింతుము. గిడుగు రామమూర్తి పంతులుగారు ముఖలింగ శాసనముల లిపిని తామే నేర్చుకొని, ఆ గ్రామమే పూర్వగాంగుల కళింగనగరమని స్థాపింప బూనుట ఇట్టి పరిశీలనముచేతనే. శాసనమునందలి మాట నిజమే కావచ్చును. అయినను ఆ మాటను చెప్పించినవాడొకడు, కూర్చినవాడొకడు, చెక్కినవాడొకడు. ఆ మువ్వురిని ఎఱుగక ఆ నిజము యొక్క పరిమితి తెలియదు. ఛాయాచిత్రమునకును ఈ నియమమే వర్తించును.

ఇట్టి పరీక్షకు ఒంటి చిత్రము చాలదు. ఒకే కర్త జీవితకాలమంతయు తీసిన పెక్కు చిత్రములను క్రమముగా చూచినగాని అతని చెయ్యి యెట్టిదో, చేయించినవారి యిచ్ఛ యెంతవఱకో తేలదు. తెలుగునేలపై చాలకాలము పనిచేసి, వేలకొలది గాజుపలకలను విడిచిపోయిన రాజా దీనదయాళుడు దీనికి తగిన యుదాహరణము. ఆతడు పుట్టుకచే తెలుగువాడు కాడు. కాని ఆతని కళ పండినది హైదరాబాదు సికందరాబాదు నగరములలో. 1874 మొదలు 1905 వఱకు సుమారు ముప్పదియొక సంవత్సరముల కాలములో ఆతడు కోటలను తీసెను, దేవాలయములను తీసెను, రాజులను, దొరలను, అంతఃపురస్త్రీలను, వేటలను, కఱవు పనులను తీసెను. విషయముతోడ రీతియు మాఱుచు వచ్చెను. ఇన్ని రీతుల వెనుక ఒక్కటే చూపు గలదా, లేక కోరినవారు కోరినట్లెల్ల తిరిగిన చేతిపనియేనా అనునది ప్రశ్న.

దీనదయాళుడు 1844వ సంవత్సరమున, మీరటు చేరువనున్న సర్ధనా యను పట్టణమున, జైనకుటుంబమునందు జన్మించెను. రూర్కీయందలి థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరునందలి ప్రభుత్వ మరామతు కార్యాలయమున ఉద్యోగమున ప్రవేశించెను. అచ్చట ఆతని పని కట్టడములకు అంచనాలు వేయుటయు, నమూనా పటములు గీయుటయు. ఈ సంగతి ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనదగినది. కెమేరా చేపట్టకమునుపు ఎనిమిది సంవత్సరములు ఆతడు కొలబద్దతో జీవించెను. గోడ యెంత పొడవు, స్తంభమునకు స్తంభమునకు నడుమ నెంత యెడము, కమాను వంపు ఏ బిందువున మొదలిడును అని చూచుట ఆతని దినకృత్యము. చిత్రకారులు పెక్కుమంది వర్ణముతో కళను ప్రారంభింతురు. ఈతడు రేఖతోడను, కొలతతోడను ప్రారంభించెను.

ఆ కాలమునాటికి ఛాయాచిత్రవిద్య మన దేశమునకు క్రొత్తది కాదు. 1839లో ఐరోపాయందు ప్రకటింపబడిన యీ విద్య కొలది కాలములోనే కలకత్తా చేరెను. మన మండలములు చేరియుండిన మద్రాసు రాజధానిలో 1856లోనే ఛాయాచిత్రసంఘమొకటి ఏర్పడెను. లిన్నేయస్ ట్రైప్ అను సైనికోద్యోగి అదే కాలమున మద్రాసు ప్రభుత్వపు ఛాయాచిత్రకారుడుగా నియమింపబడి, మధుర తంజావూరు మొదలగు చోట్ల దేవాలయములను తీసెను. అనగా కట్టడములను కొలిచి, వర్ణించి, పటములెక్కించు ప్రభుత్వకార్యములో ఛాయాచిత్రము అప్పటికే ఒక పనిముట్టు. మరామతు కార్యాలయమునందలి గీతకారునకు ఈ విద్య యెట్లు దగ్గఱయైనదో దీనినిబట్టి ఊహింపవచ్చును.

అయితే ఆ పనిముట్టు సులభమైనది కాదు. అప్పటి పద్ధతిలో గాజుపలకకు కొలోడియన్ అను జిగురు పదార్థమును పూసి, వెండిలవణముల ద్రావకములో ముంచి, పలక తడిగా నున్నప్పుడే కెమేరాలో నుంచి చిత్రము తీసి, ఆఱకమునుపే చీకటిగదిలో ద్రావకములచే కడుగవలెను. ఇదంతయు పది పదునైదు నిమిషములలో ముగియవలెను. ఎండకాలమున అంత వ్యవధియు దొరకదు. కావున కొండమీది కోటను తీయువాడు చీకటిగుడారమును, సీసాలను, నీటికుండలను, బరువైన గాజుపలకలను బండ్లమీదను కూలీల తలలమీదను మోయించుకొని పోవలెను. అప్పుడు చిత్రమును పెద్దది చేయు అలవాటు లేదు. కాగితముమీది చిత్రమెంతయో పలకయు అంతయే. ఆ కాగితమునకు గ్రుడ్డులోని తెల్లసొనను పూసి, వెండిద్రావకముతో తడిపి, పలకక్రింద నుంచి సూర్యరశ్మిలో ఉంచిన బొమ్మ తేలును. పాత చిత్రములయందు కనబడు గోధుమ వన్నెయు, సన్నని మెఱుగును ఈ తెల్లసొన కాగితమునకు సహజములు.

ఈ పద్ధతివలన రెండు ఫలములు కలిగెను. వీనిని ఎఱుగనివాడు పాత చిత్రములను తప్పుగా చదువును. మొదటిది చలనమునకు సంబంధించినది. వెలుగు కొన్ని క్షణములపాటు పలకపై పడవలెను గనుక కదలినది కరగిపోవును. సంతవీథి చిత్రములో జనులు లేకున్నంతమాత్రమున ఆ వీథి నిర్జనమని చెప్పరాదు. రాజు ముఖమున నవ్వు లేకున్న ఆతడు కఠినుడని యూహింపరాదు. నవ్వును నిలుపుకొనుటకంటె గాంభీర్యమును నిలుపుకొనుట సులభము. రెండవది వర్ణమునకు సంబంధించినది. ఆ పలకలు నీలవర్ణమును మిక్కిలిగా గ్రహించును, ఎఱుపు పసుపులను దాదాపుగా గ్రహింపవు. కావున కుంకుమబొట్టు నల్లగా కనబడును, పసుపువన్నె చీర చామనిదగును, నీలిపాగా తెల్లబాఱును. మబ్బులు నీలాకాశమునందు కలిసిపోయి ఆకాశమంతయు సున్నము కొట్టిన గోడవలె నుండును. చిత్రమును చూచి వస్త్రముల రంగులను, శరీరచ్ఛాయను నిర్ణయింపబూనువారు ఈ సంగతిని మఱవరాదు.

దీనదయాళుడు 1874లో ఈ విద్య నారంభించెను. మధ్యభారతమున గవర్నరు జనరలు ప్రతినిధిగా నుండిన సర్ హెన్రీ డేలీ ఆతనిని ప్రోత్సహించెను. 1875–76లో వేల్సు యువరాజు మన దేశమును దర్శించినపుడు ఆ సందర్భమున చిత్రములు తీయు నవకాశము ఆతనికి లభించెను. పిమ్మట డేలీ స్థానమునకు వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1882–83లో బుందేల్‌ఖండ యాత్రకు ఆతనిని వెంటబెట్టుకొని పోయెను. గ్వాలియరు కోట, ఓర్ఛా దతియా సౌధములు, ఖజురాహో దేవాలయములు, సాంచీ స్తూపము మొదలగువాని చిత్రములు ఎనుబదికి పైగా చేరి, 1886లో గ్రిఫిన్ వ్రాతతోడ మధ్యభారత ప్రసిద్ధ కట్టడములను గూర్చిన గ్రంథముగా వెలువడినవి. ఇది ఆతని మొదటి దశ.

ఈ దశయందలి చిత్రములలో గీతకారుడు స్పష్టముగా కనబడును. కట్టడము నిటారుగా నిలుచును, నిలువు గీతలు వంగవు. కెమేరాను పెట్టిన చోటు ఎట్టిదనగా, ఒక ముఖము పూర్తిగా తెలియుచునే ప్రక్క ముఖము యొక్క లోతును అందును. వెలుగు ఒక ప్రక్కనుండి పడి శిల్పపు మిట్టపల్లములను విప్పి చూపును. మనుష్యుడొకడు మెట్లమీదనో, స్తంభము చెంతనో నిలిచియున్నయెడల ఆతడు ఆ చిత్రమునకు విషయము కాడు, కొలకఱ్ఱ. ఆతనిని చూచి ద్వారపు టెత్తును మనము లెక్కగట్టగలము. వంశధార యొడ్డున శాలిహుండము కొండమీదను, విజయనగరము చేరువ రామతీర్థపు గుట్టలమీదను బౌద్ధశిథిలములను చూచిన మనవారికి ఇట్టి చిత్రముల విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు. కట్టడము కూలవచ్చును, బాగుచేయువారి చేతిలో రూపు మాఱవచ్చును. ఒకనాటి స్థితి మాత్రము పలకలో నిలిచియుండును.

1885వ సంవత్సరము ఆతని జీవితమున మలుపు. మరామతు ఉద్యోగమును వదలి ఛాయాచిత్రవృత్తినే నమ్ముకొనెను. ఆఱవ నిజామైన మీర్ మహబూబ్ అలీఖాను కొలువున ఛాయాచిత్రకారుడయ్యెను. రాజప్రతినిధికి ఛాయాచిత్రకారుడను నియామకమును అప్పుడే పొందెను. ఇందూరులో చిత్రశాల యుండగనే సికందరాబాదున మఱియొకదానిని, తరువాత 1896లో బొంబాయియందు వేఱొకదానిని నెలకొల్పెను. 1893లో చికాగో ప్రపంచప్రదర్శనమున ఆతని చిత్రములకు బహుమానము లభించెను. 1894లో నిజాము "రాజా బహద్దరు ముసవ్విరు జంగు" అను బిరుదు నొసగెను. ముసవ్విరనగా చిత్రకారుడు. 1897లో విక్టోరియా రాణి తనకు ఛాయాచిత్రకారుడుగా ఆతనిని అంగీకరించెను.

కట్టడములనుండి మనుష్యులవైపునకు తిరిగిన యీ రెండవ దశలో పనిముట్టును మాఱెను. తడిపలకకు బదులు జెలటిన్ పూసిన పొడిపలకలు 1880వ సంవత్సరమునాటినుండి వ్యాప్తికి వచ్చెను. పలకను ముందుగనే సిద్ధము చేసికొని, తీసిన పిమ్మట తీఱికగా కడుగవచ్చును. వెలుగు పడవలసిన కాలమును తగ్గెను. గుఱ్ఱములు, ఊరేగింపులు, సేనలు చిత్రమునకు దొరకుట మొదలిడెను. కాని పనిముట్టు మాఱినంత వేగముగా చూపు మాఱదు. దీనదయాళుడు తీసిన కొలువు చిత్రములను, అతిథిబృందముల చిత్రములను చూడుడు. నడుమ ప్రధానపురుషుడు కూర్చుండును. ఇరుప్రక్కల హోదాను అనుసరించి వరుసలు సాగును. నిలిచినవారు వెనుక, నేలపై కూర్చున్నవారు ముందు. ఇది ఆలయముఖమును తీసినవాని పొందికయే. నడిమి ద్వారము, ఇరువంకల స్తంభములు, క్రింద అధిష్ఠానము, పైన కప్పు అన్నట్లుగా మనుష్యులే కట్టడమైరి. ఫలక్‌నుమా సౌధపు లోపలి గదులను తీసినపుడు ఇది తలక్రిందైనది. అచ్చట మనుష్యులు లేరు. కాని కుర్చీలు, దీపవృక్షములు, అద్దములు కొలువుదీఱినట్లు నిలిచి, రాని ప్రభువునకై వేచియున్నట్లు కనబడును.

ఒంటి మనుష్యుని చిత్రమునందు మాత్రము ఆతడు క్రొత్త సంగతి నేర్చెను. చిత్రశాలలో తెర, తివాచి, కుర్చీ, బల్ల అను పరికరములు విలాయతి సంప్రదాయమునుండి వచ్చినవి. మన లోగిళ్లలోని చిత్రములయందు కనబడు తెరయు ఆ వంశమునకు చెందినదే. ఈ పరికరములు అందఱకు నొక్కటియే. కావున భేదమును చేతులలోను, చూపులోను, వెలుగు ముఖముపై పడు తీరులోను వెదకవలెను. ఆతడు వెలుగును మెత్తగా నొక ప్రక్కనుండి పడనిచ్చి, పట్టువస్త్రమునకును చర్మమునకును గల భేదము తెలియునట్లు చేసెను. రాతి మిట్టపల్లములను చూపుటకు నేర్చిన విద్య ముఖమునకును పనికివచ్చెను.

1892లో ఆతడు హైదరాబాదున స్త్రీలకు మాత్రమే ప్రత్యేకించిన చిత్రశాలను తెఱచెను. ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండరు గనుక అందు ఒక ఆంగ్లస్త్రీ పర్యవేక్షణమున పని జరిగెను. చిత్రము తీయుట దీనదయాళుని చేత కాదు. అయినను చిత్రము ఆతని శాలపేరనే వెడలెను. ఇచ్చట పరిశోధకునకు రెండు పాఠములు గలవు. కొన్ని చిత్రములు లోకమునకై కాక యింటివారికై మాత్రమే పుట్టినవి. వానిని ప్రకటించునపుడు ఆ మర్యాదను తలంపవలెను. రెండవది, చిత్రశాల పేరు వేఱు, చిత్రము తీసిన చేయి వేఱు.

ఈ రెండవ సంగతి కర్తృత్వవిచారమునకు సంబంధించినది. దీనదయాళుని శాలలో కుమారులు జ్ఞానచందు ధరమ్‌చందులును, మఱి పెక్కుమంది పనివారును ఉండిరి. ఒకే పేరుతో వెలువడిన చిత్రములన్నియు ఒకే చేతివి కావు. కాలనిర్ణయమునకు బిరుదములు తోడ్పడును. చిత్రపు టట్టమీద "రాజా" అను మాట యున్నచో ఆ అట్ట 1894కు పూర్వపుది కానేరదు. "లాలా" అని మాత్రమే యున్న దానికంటె ముందటిదని తలంపవచ్చును. కాని జాగ్రత్త వహింపవలెను. పాత పలకనుండి క్రొత్త కాగితముపై అచ్చు తీసి క్రొత్త అట్టకు అంటించుట సులభము. అట్ట చెప్పునది అచ్చు తీసిన కాలమును, పలక చెప్పునది చూచిన కాలమును. పూర్వశాసనమును తరువాతి రాజు తిరిగి చెక్కించినపుడు లిపి నొక కాలమునకును విషయమును మఱియొక కాలమునకును చేర్చవలసివచ్చు చిక్కే యిది.

ఇక ప్రభువుల వేటలను, విందులను తీసిన చిత్రములను గూర్చి యొకమాట. 1902 ఏప్రిలు నెలలో వరంగల్లు మండలపు నెక్కొండ చెంత కర్జన్ ప్రభువు పులివేట యాడినపుడు తీసిన చిత్రము జగత్ప్రసిద్ధము. చచ్చిన పులి ముందు ప్రభుదంపతులు నిలిచియున్నారు. ఇది వేట కాదు, వేట ముగిసిన పిదప పేర్చిన దృశ్యము. దీనిని చూచి కొందఱు ఇది వట్టి ముఖస్తుతి యని త్రోసివేయుదురు. మన ప్రబంధముల అవతారికలను తలంచినచో ఈ తీర్పు తొందరపాటని తెలియును. కృతిపతిని ఇంద్రచంద్రులతో పోల్చినంతమాత్రమున ఆ కావ్యమంతయు అసత్యము కాదు. కృతిపతి కోరికను తీర్చుచునే కవి తన చూపును నిలుపుకొనును. అవతారికను అవతారికగా చదువవలెను. ఆ చిత్రము పులిని గూర్చి చెప్పునది తక్కువ. పాలకులు తమ్ము తామెట్లు చూపుకొనగోరిరో దానిని గూర్చి చెప్పునది యెక్కువ. అది కూడ చరిత్రయే.

ఈ వాదమునకు కఠినపరీక్ష కఱవు చిత్రములయందు కలుగును. 1899–1900లో దేశమున పెక్కు భాగములను పీడించిన మహాక్షామము నిజాము రాజ్యమున ఔరంగాబాదు ప్రాంతమునుకూడ తాకెను. ప్రభుత్వము జరిపిన సహాయకార్యములను దీనదయాళుని శాల చిత్రములలోనికి ఎక్కించెను. పనులయందు మన్ను త్రవ్వు స్త్రీపురుషులు, అన్నదానశాలలయందు బారులుతీరిన జనులు అందు గలరు. ఇరువది సంవత్సరములకు పూర్వము, 1876–78 నాటి మద్రాసు క్షామమును డబ్ల్యూ. డబ్ల్యూ. హూపర్ అను సైనికోద్యోగి తీసిన చిత్రములు వేఱు తెఱగువి. ఎముకలు బయటపడిన కుటుంబములను ఒకచోట కూర్చుండబెట్టి తీసిన ఆ చిత్రములను చూచిన కన్ను తిప్పుకొనలేము. చిత్రము తీయుటకై వారినట్లు పేర్చుట యేమి ధర్మమని హూపరును లోకము నిందించెను.

ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. హూపరు చూపినది ఆకలి, దీనదయాళుడు చూపినది అన్నము. రెండును నిజములే, రెండును పేర్చినవే. దీనదయాళుని చిత్రమున ఆకలిగొన్నవారు కొలువులో సర్దారులు కూర్చున్నట్లే వరుసలు తప్పక కూర్చుండిరి. ఇది ఆతని యలవాటా, ప్రభుత్వపు టాజ్ఞయా యని యడుగవచ్చును. రెండును కలిసినవని మా యభిప్రాయము. సహాయము క్రమముగా జరిగినదని చూపుట చేయించినవారి కోరిక. క్రమమునందు తప్ప దేనిని చూడనేరని కన్ను చేసినవానిది. కావున ఈ చిత్రములు దేనికి సాక్ష్యము? ఆ దినమున, ఆ చోట, అంతమందికి పని దొరకినదనుటకు, అన్నము పెట్టబడినదనుటకు సాక్ష్యము. పనివఱకు నడచి రాలేనివారిని గూర్చి అవి యేమియు చెప్పవు. చెప్పనిదానిని లేదనుటకు అవి ప్రమాణములు కావు. 1866 నాటి ఒఢ్రక్షామము మన గంజాం సీమనుకూడ బాధించినది. అట్టి కాలమును గూర్చి పరిశోధించువారు సర్కారు నివేదికలను, ఊరివారి మాటలను, దొరకినచో చిత్రములను కలిపి చదువవలెనేగాని ఏ ఒక్కదానిని వేదవాక్యముగా గొనరాదు.

1903లో ఢిల్లీ దర్బారు ఉత్సవములను తీయుట దీనదయాళుని తుదిదినముల ఘనకార్యము. 1904లో కుమారుడు ధరమ్‌చందు గతించెను. 1905 జూలై 5వ తేదీన దీనదయాళుడు మరణించెను. జ్ఞానచందు శాలను కొంతకాలము నడపెను. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము ఆ కుటుంబమునుండి 2,857 గాజుపలకలను సేకరించెను. పగిలిపోవు స్వభావముగల వస్తువు ఎనుబది యేండ్లకు పైగా నొక యింట నిలిచియుండుట ఆ యింటివారి పుణ్యము. అవి నిలిచినందుననే నేడు మనము ఆ చిత్రములను వరుసబెట్టి, ఏది మాఱినది, ఏది మాఱలేదు అని విచారింపగలుగుచున్నాము.

మాఱినది చాల గలదు. తడిపలక పోయి పొడిపలక వచ్చెను. రాయి పోయి ముఖము వచ్చెను. ప్రభుత్వోద్యోగి కొలువు కళాకారుడై, కొలువు కళాకారుడు పెద్దశాలకు యజమానుడయ్యెను. మొదట ఆతడు చూచినదానిని కొలిచెను, నడుమ చూడవచ్చినవారిని పేర్చెను, కడపట పేర్చరాని దుఃఖమును కూడ పేర్చెను. మాఱనిది గీతకారుని కొలబద్ద. అదియే ఆతని బలము, అదియే ఆతని పరిమితి. కట్టడములయందు ఆ కొలబద్ద సత్యమునకు సేవచేసెను. కొలువులయందు వైభవమునకు సేవచేసెను. కఱవునందు సత్యమును కొంత చూపి కొంత మఱుగుపఱచెను. ఒకే గుణము విషయభేదముచేత గుణమును దోషమును అగుట కావ్యములయందు మనము ఎఱుగనిది కాదు. కావున ఆతడు కోరినవారు కోరినట్లు తిరిగిన చేతిపనివాడు మాత్రమే యనుట సరికాదు. ఎవరికిని లొంగని స్వతంత్రుడనుటయు సరికాదు. విషయమును ఎన్నుకొను అధికారము తఱచుగా ఇతరులది, దానిని నిలుపు తీరు ఆతనిది.

ఈ విచారమువలన మన మండలములకు కలుగు ప్రయోజనమును చెప్పి ముగింతుము. మన లోగిళ్లలోని పటముల చెక్కచట్రము చెదలు పట్టినపుడు పటము కట్టువానికిచ్చుట వాడుక. ఆతడు వెనుకటి అట్టను చించి పాఱవైచి, బొమ్మను మాత్రము క్రొత్త అద్దము క్రింద నమర్చి తెచ్చును. పోయినది పనికిరాని అట్ట కాదు. చిత్రశాల పేరు, ఊరు, సంవత్సరము, ఒకప్పుడు కూర్చున్నవారి పేర్లు ఆ అట్టమీదనే యుండును. శాసనమునందలి శకవర్షమును ఉలితో చెక్కివేసి తక్కిన పంక్తులను భద్రపఱచుట వంటిది యిది. చట్రము మార్పింపదలచినవారు మొదట అట్టకు రెండు ప్రక్కల నకలు తీయించి, పాత అట్టను బొమ్మతోడనే యుంచవలెను. గాజుపలకలు దొరకినయెడల వానిని తడిగుడ్డతో తుడువరాదు. బొమ్మ యున్న పూత తడికి ఊడిపోవును. ఒకదానిపై నొకటి పేర్పక, కాగితపు సంచులలో వేఱువేఱుగా నుంచి, పుస్తకములవలె నిలువున నిలిపి, చెమ్మ తగులని చోట నుంచవలెను.

పాఠశాలా పండితులు ఈ కార్యమునకు మిక్కిలి తగినవారు. విద్యార్థులు తమ యిండ్లలోని పాత చిత్రములను గూర్చి పెద్దలనడిగి ఆఱు ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొనివచ్చునట్లు చేయవచ్చును: చిత్రమునందున్నవారెవరు, ఎచ్చట తీసిరి, ఎప్పుడు తీసిరి, తీసినవారెవరు, ఎవరు తీయించిరి, ఏ సందర్భమున తీయించిరి. మొదటి ప్రశ్నకు మాత్రమే సమాధానము దొరకిన చిత్రము కుటుంబస్మృతి. ఆఱింటికిని దొరకినది చరిత్రకు ఆధారము. ఆ సమాధానములను చెప్పగల వృద్ధులు నానాటికి తగ్గుచున్నారు. దీనదయాళుని పేరు నిలిచినది, ఆతని పలకలు నిలిచినవి. మన యూళ్లలో కెమేరాను మోసికొని తిరిగి, పెండ్లిండ్లకును, పండుగలకును, ఒకప్పుడు చనిపోయినవారికిని తుదిచిత్రము తీసిన పేరెఱుగని కళాకారుల పనిని నిలుపుట మాత్రము మన చేతిలోనున్నది. విజ్ఞులు ఈ విషయమున శ్రద్ధ వహింతురుగాక.